పైకి లేచే తలుపు

కారు తలుపు ఎటు తెరుచుకోవాలన్న దాని మీద లోకంలో పెద్ద తగాదా ఏమీ లేదు. పక్కకి తెరుచుకుంటుంది, మనిషి దిగుతాడు, ధడాలున వేస్తాడు, తన దారిన తను పోతాడు. ఇంత సాఫీగా సాగిపోతున్న పనిలో వేలు పెట్టి, తలుపు పైకి లేవాలి, లేదా వెనక్కి తిరగాలి, అదీ కాదంటే పక్షి రెక్కలా కప్పు మీదకి విచ్చుకోవాలి అని ముచ్చటపడే జనం కూడా ఉన్నారు. వాళ్ళ ముచ్చట తీర్చి పొట్ట పోసుకునే మనిషి రెక్కల మేస్త్రి.

మొదట్లో అతను అందరిలాంటి టింకరింగ్ మేస్త్రే. గుద్దుకున్న బండి షెడ్డుకొస్తే దాని చుట్టూ ఒక చుట్టు తిరిగి, సొట్టని అరచేత్తో నిమిరి, ఎక్కడ కొడితే రేకు వెనక్కొస్తుందో చూసుకుని అప్పుడు సుత్తి పట్టేవాడు. అలా ఏళ్ళు గడిచాక ఒక డబ్బున్నాయన ఫోనులో ఏదో బొమ్మ చూపించి, "నా బండికి తలుపులు ఇలా పైకి లేవాలి మేస్త్రీ" అన్నాడు. ఆ బొమ్మ చూసి మేస్త్రి నవ్వాడు. నవ్వుతూనే ఒప్పుకున్నాడు. తలుపు విప్పి, ముందు మూలలో కొత్త కీలు అతికి, డిక్కీ మూతని ఎత్తి పట్టుకునే గ్యాస్ రాడ్డు లాంటిది లోపల బిగించి, మొత్తానికి దాన్ని ఆకాశం వైపు లేపాడు. అది చూసి ఇంకొకడొచ్చాడు, వాడిని చూసి మరొకడు. ఆ తరవాత అతని అసలు పేరు ఇంటి కరెంటు బిల్లు మీద తప్ప ఎక్కడా మిగల్లేదు.

తను చేసే తలుపుల మీద అతనికి ఏమాత్రం భ్రమ లేదు. "రెక్కలు పెట్టినంత మాత్రాన బండి ఎగరదు, తిరిగి నా షెడ్డుకే వస్తుంది" అనేవాడు. వచ్చేవి కూడా. సెల్లారు పార్కింగులో తలుపెత్తి పైకప్పుకి గీరుకున్నవాడొకడు. వానలో తలుపెత్తితే వానంతా తిన్నగా సీట్లోకే దిగిందని మొత్తుకున్నవాడొకడు. ఒకాయన మాత్రం ప్రత్యేకంగా వచ్చి చెయ్యి పట్టుకుని ఊపి వెళ్ళాడు. ఆ తలుపు కింద వంగి ఎక్కలేక వాళ్ళ అత్తగారు మళ్ళీ ఆయన కారెక్కనని ఒట్టు పెట్టుకుందట. షెడ్డులో సగభాగం అద్దెకి తీసుకుని రంగులు వేసే పెయింటర్ ఈ కథని వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాడు, ప్రతిసారీ అత్తగారిని ఇంకాస్త లావు చేసి.

ఆ షెడ్డులో ఒక అలవాటు ఉండేది. కారు తలుపంటే చూడ్డానికి రేకే గానీ, లోపల అద్దం, దాన్ని దించే మోటారు, తాళం, ఇనప పట్టీలు కలిసి మోయలేనంత బరువు. బోల్టులు వదులు చేసినప్పుడు అది జారితే ఎవరి కాలో చెయ్యో పోతుంది. అందుకని తలుపు గాల్లో ఉంటే, దగ్గర ఎవరుంటే వాళ్ళు భుజం ఇవ్వాలి. అడగక్కర్లేదు, చెప్పక్కర్లేదు. మాట్లాడుతూ, టీ తాగుతూ, ఫోనులో ఎవరినో తిడుతూ కూడా భుజం కింద పెట్టేస్తారు. మేస్త్రికైతే ఇది ఊపిరి పీల్చడంతో సమానం. అతని చొక్కాలన్నీ ముందు కుడి భుజం దగ్గరే చిరిగేవి. "చొక్కా అంతా కొత్తదే, భుజం ఒక్కటే ముసలిదయింది" అని సణుగుతూ భార్య అక్కడ లోపలి నుంచి గుడ్డ వేసి కుట్టేది.

ఆమె కుడితే కుట్టినట్టు తెలిసేది కాదు. అయినా ఆమె అసలు పని కుట్టడం కాదు, కత్తిరించడం. యూనిఫారాలు కుట్టే ఒక యూనిట్లో కటింగ్ టేబుల్ ఆమెది. గుడ్డని మడతల మీద మడతలుగా పరిచి, సుద్దతో గీత గీసి, పెద్ద కత్తెరతో ఒక్క ఊపున కోసుకుంటూ పోయేది. ఆమె గీసిన గీతకి అవతల గుడ్డ వృథా అయ్యేది కాదు. మిషన్ల మీద కూర్చునే ఆడవాళ్ళు ఆమె చేత మాట పడటానికి భయపడేవాళ్ళు. నోరు ఆ కత్తెరకేమీ తీసిపోదు మరి.

ఒక మధ్యాహ్నం ఆ టేబుల్ దగ్గరే ఎడమ కాలు ఆమె మాట వినడం మానేసింది. ఎడమ చెయ్యి కూడా. పట్టుకుందామని గుడ్డని పట్టుకుంటే, పరిచిన మడతలన్నీ ఆమెతో పాటు కింద పడ్డాయి. ఆసుపత్రిలో పక్షవాతం అన్నారు. కొన్నాళ్ళకి మాట తిరిగొచ్చింది. "అందరికంటే ఎక్కువ సంతోషపడింది నేనే, మొదటి తిట్టు తిన్నదీ నేనే" అని మేస్త్రి చెప్పుకునేవాడు. కాలు సగం వచ్చింది, కర్ర ఊతంతో ఈడ్చుకుంటూ గదిలో నడిచేది. ఎడమ చెయ్యి రాలేదు. కుడి చెయ్యి మాత్రం ఎప్పటిలాగే ఉంది, ఇంట్లో పనంతా దానితోనే చేసుకునేది. మూత తీయాలంటే డబ్బాని మోకాళ్ళ మధ్య బిగించుకునేది. దారం ఎక్కించాలంటే సూదిని తలగడకి గుచ్చేది. సాయం చేద్దామని ఎవరైనా ముందుకొస్తే చూపుతోనే కూర్చోబెట్టేది.

వాళ్ళిల్లు ఒక సందు చివర. సందంటే సందే, రెండు వైపులా ఇళ్ళ గోడలు. మేస్త్రి పాత కారు అందులోకి దూరుతుంది గానీ, కుడి వైపు గోడకి ఆనించి ఆపినా, ఎడమ పక్కన మనిషి నిలబడేంత చోటే మిగిలి, తలుపు సగం కూడా తెరుచుకోకుండా గోడకి తగులుతుంది. ఎక్కాలంటే సందు మొదటిదాకా నడవాలి. మధ్యలో ఎత్తుపల్లాలు, ఒకచోట పగిలిన మురికికాలవ. ఆమె వల్ల కాదు. ఫిజియోథెరపీకి తీసుకెళ్ళాల్సిన రోజున మేస్త్రి ఆమెని వీపున ఎక్కించుకుని సందంతా నడిచేవాడు. కిటికీల్లోంచి జనం చూసేవాళ్ళు. కొందరు పాపం అనేవాళ్ళు కూడా, వినపడేలా. ఆమె ఆ దారి పొడుగునా కళ్ళు మూసుకునేది. నెమ్మదిగా, ఇవాళ ఒంట్లో బాగాలేదనీ, రేపు వెళ్దామనీ వంకలు మొదలుపెట్టింది.

అలాంటి రోజుల్లో యూనిట్ ఓనరమ్మ ఇంటికొచ్చింది. ఆవిడది మెత్తటి మాట కాదు, మనసు కూడా అంతంత మాత్రమే, కానీ పని తెలిసిన మనిషి.

"గుడ్డ పరవడానికి వేరేవాళ్ళని పెడతా. గీత గీసి కొయ్యడానికి నీ ఒక్క చెయ్యి చాలు నాకు. నువ్వు పోయాక గుడ్డంతా తగలేస్తున్నారు. రాగలిగితే రా. కానీ మోయించుకుని మాత్రం రాకు. అక్కడ నిన్ను దించి ఎక్కించే తీరిక ఎవరికీ లేదు. నీ అంతట నువ్వు ఎక్కి, నీ అంతట నువ్వు దిగగలిగిన రోజున చెప్పు, టేబుల్ నీదే."

ఓనరమ్మ వెళ్ళాక ఆమె భర్తతో ఒక్క మాటే అంది.

"లోకంలో అందరికీ రెక్కలు పెడతావు. నాకేం చెయ్యవా?"

మేస్త్రి సిగ్గుతో చచ్చిపోయాడు. నిజమే కదా. ఇన్నేళ్ళూ అవసరం లేని వాళ్ళందరికీ చేసిన తలుపు, అవసరమైన ఒక్క మనిషి ఇంట్లోనే ఉంటే తట్టలేదు. గోడల మధ్య ఇరుక్కున్న బండికి తలుపు పైకి లేవడం కంటే మంచి ఉపాయం ఏముంటుంది? మర్నాడే తన కారు షెడ్డులో పెట్టి ఎడమ వైపు ముందు తలుపు విప్పాడు.

మామూలుగా చేసే కీలు తలుపుని ముందు కాస్త పక్కకి జరిపి అప్పుడు లేపుతుంది. సందులో అలా జరిగితే ఆమె నిలబడే చోటు పోతుంది. అందుకని తిన్నగా పైకి లేచేలా కొత్త కీలు తనే కోసి, సానపెట్టి, విరగ్గొట్టి, మళ్ళీ కోశాడు. సీటు ఎత్తు పెంచాడు. ఆమె కూర్చుంటూ, లేస్తూ పట్టుకోవడానికి, ముందు అద్దం పక్కన ఉండే పిల్లర్‌కి ఒక కడ్డీ అతికాడు. బయటికి తిరిగి కూర్చుంటే కుడి చెయ్యి సరిగ్గా అక్కడికే అందుతుంది. గ్యాస్ రాడ్డు ఎప్పుడూ వాడే రకమే బిగించాడు. పెయింటర్ చుట్టూ తిరిగి చూసి, "ఇన్నాళ్ళకి ఒక పనికొచ్చే పని చేశావు మేస్త్రీ" అన్నాడు. వెక్కిరింతకి అన్నాడో, మెచ్చుకోలుకి అన్నాడో గానీ మేస్త్రికి కళ్ళు చెమర్చాయి.

తలుపు మొదటిసారి లేచిన రోజున సందులో సందడి. ఆమె చెల్లెలు కూడా వచ్చింది. ఈ చెల్లెలు స్కూలు వ్యాను నడుపుతుంది, బావని ఆటపట్టించడంలో అక్కకి ఏ మాత్రం తీసిపోదు.

"బావా, రెక్కలు కారుకా, అక్కకా?"

"కారుకేనమ్మా. మీ అక్కకి నోరుంది కదా, మళ్ళీ రెక్కలెందుకు?"

మేస్త్రి భార్య కర్ర గోడకి ఆనించి, వీపు సీటు వైపు తిప్పి, కుడి చేత్తో కడ్డీ పట్టుకుని, మెల్లగా వెనక్కి వాలి కూర్చుంది. ఎడమ కాలిని చేత్తో ఎత్తి లోపల పెట్టుకుంది. ఆ తరవాత పైకి చూసింది. ఎండ మొహం మీద పడుతుంటే నవ్వింది. ఆ నవ్వు చూసి చెల్లెలు ఏడ్చింది. మేస్త్రి తలుపు పక్కన నిలబడి, ఇంకెవరూ ఏడవకూడదన్నట్టు మొహం గంభీరంగా పెట్టుకున్నాడు.

ఎండాకాలం అంతా సాధన. వారానికి కొన్నిసార్లు ఫిజియోథెరపీ, మిగతా రోజుల్లో ఊరికే ఎక్కి దిగడం. మొదట్లో అతని మోచెయ్యి పట్టుకునేది. తరవాత వద్దంది. ఆ తరవాత ఇంకో మాట మొదలుపెట్టింది.

"నువ్వు పక్కకి జరుగు."

"నేనేం పట్టుకోలేదే. ఊరికే నిలబడ్డా."

"నిలబడటం కూడా వద్దంటున్నా."

"సరే, ఎక్కు, ఎక్కు" అనేవాడు, అక్కడే నిలబడి. ఆమె ఒక్క క్షణం అతని వైపు చూసి, ఏమీ అనకుండా ఎక్కేది. వానలు వచ్చాయి, పోయాయి. చలి మొదలయ్యేసరికి ఆమె ఎక్కడం, దిగడం అలవాటైన పనిలా చేసేస్తోంది. ఓనరమ్మకి కబురు పంపింది. ఓనరమ్మ రమ్మంది.

రోజూ తనే తీసుకెళ్ళి తీసుకొస్తానన్నాడు మేస్త్రి. ఆమె ఒప్పుకోలేదు. షెడ్డు మూసుకుని తన వెంట తిరిగితే ఇద్దరూ పస్తులుంటారంది. పిల్లల్ని బడిలో దించేశాక చెల్లెలు వ్యాను పక్కన పెట్టి వస్తుంది, ఈ కారు ఆమె నడుపుతుంది. అక్కడ దిగడం తనే దిగుతుంది. అంతా అక్కాచెల్లెళ్ళు ముందే మాట్లాడేసుకున్నారు, అతనికి చివర్లో చెప్పారు.

పనిలో చేరే రోజు పొద్దున బాగా చలిగా ఉంది. నోరు తెరిస్తే ఆవిరి వస్తోంది. అతను గుమ్మంలో తచ్చాడుతుంటే ఆమె కసిరింది.

"నువ్వెళ్ళు. నువ్వుంటే నాకు చేతులాడవు."

"ఎక్కించేసి వెళ్తా."

"ఎక్కించడం కాదు, ఎక్కడం. వెళ్ళు."

మనసు చివుక్కుమంది. అయినా వెళ్ళాడు. షెడ్డు తీసి, పొయ్యి వెలిగించి టీ పెట్టుకుంటుండగా ఫోను మోగింది. మరదలు. ఫోనులో మాట లేదు, అరుపు.

జరిగింది ఆమె తరవాత చాలాసార్లు చెప్పింది, అడగనివాళ్ళకి కూడా. తను డిక్కీలోంచి దూరి స్టీరింగ్ ముందు కూర్చుంది. అక్క అలాగే కూర్చోమంది. తలుపు అక్కే ఎత్తింది. అది పైకి లేచి నిలబడింది. అక్క కర్ర లోపల పెట్టి, వెనక్కి తిరిగి, కడ్డీ పట్టుకుంది. సగం కూర్చుంది. అప్పుడు తలుపు చప్పుడు లేకుండా దిగడం మొదలుపెట్టింది. మొదట నెమ్మదిగా, తరవాత ఒక్కసారిగా. అక్క చెయ్యి కడ్డీ మీదే ఉంది. వదిలేస్తే వెనక్కి వెల్లకిలా పడిపోతుంది, పట్టుకునేందుకు రెండో చెయ్యి లేదు. అందుకని వదల్లేదు. తలుపు ముందంచు పిల్లర్ మీదకొచ్చి మూసుకుంది, చేతితో సహా.

కీలు దగ్గర తలుపు కత్తెరలాగే పనిచేస్తుంది. అవతలి కొసన ఉన్న బరువంతా ఇక్కడికొచ్చి నొక్కుతుంది. మళ్ళీ తలుపెత్తడానికి చెల్లెలు ఇటు దిగి, బండి చుట్టూ తిరిగి రావాలి. గోడకి ఆని ఉన్న ఆమె వైపు తలుపు బెత్తెడే తెరుచుకుంటుంది. వెనక సీట్లోకి పాకి, డిక్కీలోంచి దూకి, వచ్చి ఎత్తింది. అప్పటిదాకా అక్క అరవలేదట. "తొందరగా రావే" అని మాత్రం అందట.

ఆసుపత్రిలో రెండు వేళ్ళు తీసేశారు. బొటనవేలు ఉంది గానీ దాని నరం తెగింది. మిగిలినవి మడత పడవని డాక్టరు చెప్పాడు. కట్టు విప్పాక పుల్ల కూడా పట్టుకోలేదన్నాడు. అతను మంచి డాక్టరే, దాచి చెప్పలేదు. కొన్నాళ్ళు చూసి ఓనరమ్మ వేరే మనిషిని పెట్టుకుంది. పళ్ళు పంపించింది, తను రాలేదు.

ఇప్పుడు మేస్త్రి చేసిన పని చెప్పాలి. దాన్ని కప్పిపుచ్చడంలో న్యాయం లేదు. అతను ఏడవాల్సిన చోట పోట్లాడాడు. ఆసుపత్రి వరండాలో, నలుగురూ చూస్తుండగా, మరదలి మీద విరుచుకుపడ్డాడు.

"నా తలుపు పడే తలుపు కాదు. నువ్వేదో లాగి ఉంటావు, లేదా బండి కదిపి ఉంటావు."

"స్టీరింగ్ ముందు కూర్చుని అటు తలుపు ఎలా లాగుతాను బావా? అదే దిగింది. నా కళ్ళతో చూశాను."

"ఎండాకాలం నుంచీ రోజూ ఎత్తుతున్నా. ఒక్కరోజు దిగలేదు. నీ చేతిలో పడగానే దిగిందా?"

బావ తనతో అలా మాట్లాడటం ఆమె ఎన్నడూ ఎరగదు. ఏడుస్తూ మెట్లు దిగిపోయింది. భార్యని అడిగితే, మత్తులో ఉండి, "జారింది" అంది. చెయ్యి జారిందో, తలుపు జారిందో అతను రెట్టించలేదు. తనకి నచ్చినట్టే అర్థం చేసుకున్నాడు.

మర్నాడు పొద్దున కారుని సందులోంచి తీసుకొచ్చి షెడ్డులో పెట్టాడు. తన తలుపు మీద మచ్చ పడటం అతనికి సహించలేదు. పెయింటర్‌ని పిలిచాడు.

"నువ్వే చూడు. సాక్షిగా నిలబడు" అని తలుపెత్తాడు. అది లేచింది, నిలబడింది. "చూశావా? ఇంత చలిలో కూడా. కాసేపు మాట్లాడుకుందాం, దిగుతుందేమో చూద్దాం."

మాట్లాడాడు కూడా. కీలు ఎలా కోశాడో, ఎన్నిసార్లు సానపెట్టాడో, మరదలు ఎంత తొందరపాటు మనిషో. తలుపు కదల్లేదు. పెయింటర్ చాలాసేపు అతని మొహం చూడలేదు, ఇంకెటో చూస్తున్నాడు. చివరికి గొంతు సవరించుకున్నాడు.

"మేస్త్రీ, కాస్త ఇటు రా."

"ఎందుకు? తలుపు చూడమంటే..."

"తలుపే చూస్తున్నా. ఇటు రా. నా దగ్గరికి."

మేస్త్రి విసుగ్గా అడుగు ముందుకేశాడు. వేస్తుండగా కుడి భుజం మీద నుంచి ఏదో బరువు తొలగినట్టు తెలిసింది. అప్పుడు గానీ అక్కడ బరువుందని తెలియలేదు. వెనక్కి తిరిగి చూశాడు. తలుపు దిగుతోంది. మొదట నెమ్మదిగా. తరవాత ఒక్కసారిగా. షెడ్డు రేకులు అదిరేలా మూసుకుంది.

పెయింటర్ సంజాయిషీ చెబుతున్నట్టు అన్నాడు: "గ్యాసు కదా. చలికి బలం చచ్చిపోతుంది. ఎండలో అయితే మోసేదేమో."

మేస్త్రి మళ్ళీ ఎత్తాడు. దూరంగా జరిగాడు. పడింది. మళ్ళీ ఎత్తాడు. పడింది. ఇంకోసారి ఎత్తబోతుంటే పెయింటర్ వచ్చి చెయ్యి పట్టుకున్నాడు. అప్పుడు ఏడ్చాడు, నేల మీద కూలబడి, పిల్లాడిలా. చలి వచ్చినప్పటి నుంచీ ఆ తలుపుని మోసింది రాడ్డు కాదు, తను. దగ్గరుండి, కళ్ళు తెరుచుకుని, రోజూ మోశాడు. మోస్తున్నానని ఒంటికి తెలియనంతగా అలవాటు పడిపోయాడు. తన చేతి పని మీద పెట్టిన ప్రతి పరీక్షలోనూ తనే సాయం చేసి గెలిపించుకున్నాడు.

ఆ రోజే మరదలి ఇంటికెళ్ళి గుమ్మం బయటే నిలబడి, తప్పయిపోయింది తల్లీ అన్నాడు. ఆమె లోపలికి రమ్మంది గానీ వెనకటిలా బావా అని నవ్వలేదు, ఆ తరవాత కూడా ఎప్పుడూ నవ్వలేదు. రెక్కలు పెట్టించుకున్నవాళ్ళందరికీ ఫోన్లు చేశాడు, బండ్లు తీసుకురమ్మని, చలిలో ఆ తలుపుల కింద తల పెట్టొద్దని. కొందరు భయపడి వచ్చారు. ఒకడు నవ్వి, "ఫోటోలు దిగేటప్పుడు తప్ప మేం అసలు ఎత్తం మేస్త్రీ. మామూలుగా అయితే అవతలి వైపు నుంచే ఎక్కుతాం, అటు పాత తలుపే ఉంచుకున్నాంగా" అన్నాడు. ముచ్చటకి పెట్టించుకున్నవాడు క్షేమంగా ఉన్నాడు. మేస్త్రి ఫోను పెట్టేసి తరవాతి నంబరు నొక్కాడు.

భార్యకి చెప్పడానికి మాత్రం ధైర్యం చాల్లేదు. ఇంటికి తీసుకొచ్చాడు. తల దువ్వాడు, అన్నం కలిపి ముద్దలు పెట్టాడు, గుండీలు పెట్టాడు. తిట్టడం మానేసింది ఆమె. మేస్త్రికి అది అన్నిటికంటే కష్టంగా ఉండేది. ఏదైనా తప్పు చేస్తే తిడుతుందేమోనని కూరలో ఉప్పు ఎక్కువ వేసి చూశాడు. ఆమె కిక్కురుమనకుండా తినేసింది.

ఒక సాయంత్రం ఆగలేకపోయాడు. మంచం పక్కన కింద కూర్చుని, తల వంచుకుని చెప్పేశాడు.

"తప్పు మీ చెల్లెలిది కాదు, నీదీ కాదు. ఆ తలుపు చలికి నిలబడదు. ఇన్నాళ్ళూ నా భుజం మీద నిలబడింది. నాకు తెలీలేదే."

"నాకు తెలుసు" అంది.

అతను తలెత్తాడు.

"సీట్లో కూర్చుంటే నా కళ్ళకి ఎదురుగా ఉండేది నీ భుజమేగా. చలి మొదలయ్యాక తలుపు అంచు దానిలోకి దిగిపోయి ఉండేది. పక్కకి జరగమంటే, పట్టుకోలేదు, ఊరికే నిలబడ్డానన్నావు. ఒకసారి కాదు, అడిగిన ప్రతిసారీ అదే మాట."

"నిజంగా ఊరికే నిలబడ్డాననే అనుకున్నానే."

"అది నాకెలా తెలుస్తుంది? కళ్ళెదుట మోస్తూ మొయ్యట్లేదంటున్నావు. కావాలనే అలా చేశావనుకున్నా. నువ్వు లేకుండా నేను గడప దాటకూడదని. భయంతోనే అనుకో, ప్రేమతోనే అనుకో. నేను వెళ్ళడం నీకిష్టం లేదనుకున్నా."

"నోరు తెరిచి అడగొచ్చుగా" అన్నాడు మేస్త్రి.

"అవునంటావేమోనని అడగలేదు."

సందులో ఎవరో గిన్నెలు కడుగుతున్న చప్పుడు. ఆమె అటే వింటున్నట్టు ఉంది.

"మరి తెలిసి తెలిసి ఎందుకెక్కావే?"

"ఎక్కి చూపిద్దామని. కాస్త కాస్తగా దిగుతుందనుకున్నా. ఈలోపల కూర్చోవచ్చనుకున్నా. కూర్చున్నాక నీకు ఫోను చేసి, చూశావా, నువ్వు లేకుండానే ఎక్కానని చెప్పాలనుకున్నా." ఆమె కట్టు ఉన్న చేతిని ఒళ్ళో చూసుకుంది. "ఇప్పుడిక ఆ పంతాలేం అక్కర్లేదులే. నువ్వు లేకుండా మంచినీళ్ళు కూడా తాగలేను. కాసిని ఇవ్వు, దాహంగా ఉంది."

అతను లేచి నీళ్ళు తెచ్చి గ్లాసు నోటికి ఆనించాడు. ఆమె తాగింది. కొన్ని నీళ్ళు పెదవి పక్క నుంచి గడ్డం మీదకి కారాయి. తుడుచుకోవడానికి ఆమె కుడి చెయ్యి ఒళ్ళోంచి లేవబోయి, మధ్యలో ఆగి, మళ్ళీ దిగిపోయింది. అతను తన చొక్కా కొసతో తుడిచాడు.